చైన్ సెట్టు మార్చానా? మార్పించానా?

సందేహం: మాది తిరుపతి. ఈమధ్య లీలామహల్ సర్కిల్ దగ్గర మెకానిక్కు షాపులో బండికి కొత్త చైన్ సెట్టు వేయించాను. ‘చైన్ సెట్టు మార్పిచ్చినా’ అంటే, విజయవాడలో ఉండే మా బావ ‘మార్చాను అంటే చాలు, మార్పించాను అనే మాటే లేదు’ అంటున్నాడు. ఇంట్లో మేం ‘చేపిచ్చినా’, ‘ఏపిచ్చినా’ అని కూడా అంటాం. ఇవన్నీ తప్పులేనా?

సమాధానం: ‘మార్పించాను’ నిక్షేపమైన తెలుగు మాట. మారు, మార్చు, మార్పించు అనేవి ఒకే ధాతువు మూడు మెట్లు. చైను మారింది, మెకానిక్కు మార్చాడు, మీరు మార్పించారు. ఈ మూడో మెట్టునే వ్యాకరణంలో ప్రేరణార్థకం అంటారు. పని ఒకరిది, చేయించింది మరొకరు. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే శాసనాల్లో రాజులు గుళ్లు కట్టించారు, చెరువులు తవ్వించారు. తెచ్చు–తెప్పించు, ఇచ్చు–ఇప్పించు, పిలుచు–పిలిపించు జంటల్లో ‘చు’ పోయి ‘పు’ వచ్చినట్టే మార్చు–మార్పించులోనూ వచ్చింది.

మీ బావగారి మాటలోనూ కొంత నిజం ఉంది. ఎవరు చేశారన్నది ముఖ్యం కానప్పుడు ‘పోయిన నెలే చైను మార్చాను’ అంటే ఎవరూ తప్పు పట్టరు. తాపీ పట్టనివాణ్ని కూడా ‘ఇల్లు కట్టాడు’ అంటున్నాం కదా! కానీ చైన్ సెట్టు విషయంలో చేసిందెవరో తెలియడం అవసరం. సెట్టు అంటే ఇంజను దగ్గరి చిన్న స్ప్రాకెట్ (పళ్ల చక్రం), వెనక చక్రానికుండే పెద్ద స్ప్రాకెట్, ఆ రెంటినీ కలిపే చైను. అరిగి కొక్కేల్లా వంగిన పాత పళ్ల మీద కొత్త చైను వేస్తే అదీ తొందరగా పాడవుతుంది గనక మూడూ కలిపి మారుస్తారు. వెనక చక్రం విప్పాలి, తిరిగి బిగించేటప్పుడు వంకర లేకుండా చూడాలి. రెండు కొసలనూ కలిపే క్లిప్పు లాకు ఉన్న చైనైతే, క్లిప్పు మూసి ఉన్న కొస చైను పరుగెత్తే దిక్కుకు ఉండాలి. తిరుమల ఘాట్ రోడ్డెక్కే బండికి ఇందులో ఏది తప్పినా ప్రమాదమే. ‘లాకు ఎటు పెట్టావు?’ అని అడిగితే, మార్చినవాడు జవాబు చెప్పగలడు; మార్పించినవాడు షాపుకు వెళ్లి అడగాలి. అంత తేడాను ఒక్క ‘పించు’ చెబుతున్నప్పుడు దాన్ని ఎందుకు వదులుకోవాలి?

మీరు అడగకపోయినా ఇక్కడే మరో సంగతి చెప్పాలనిపిస్తోంది. చైను వదులైనప్పుడు మెకానిక్కు దాన్ని బిగిస్తాడు. మరి మీరు? ‘బిగించాను’ అంటే పని మీరే చేసినట్టవుతుంది. బిగించులో ‘ఇంచు’ ముందే ఉంది, దాని మీద ఇంకొకటి చేర్చి ‘బిగింపించాను’ అంటే నోరు తిరగదు. ‘బిగింపజేశాను’ గ్రంథాల భాష. అందుకే అందరూ ‘చైను టైటు చేయించాను’ అంటారు. దీన్ని ఇంగ్లీషు మోజు అనుకోకూడదు. పక్కన ‘చేయు’ ఉంటే చాలు, ‘చేయించు’ సులువుగా వస్తుంది. జనం ఆ సౌకర్యాన్ని పట్టుకున్నారు. ‘జుట్టు కత్తిరించుకున్నాను’ అన్నప్పుడూ ఇదే ఇబ్బంది. కత్తెర పట్టింది మంగలే అయినా మాట ఆ సంగతి చెప్పదు. ‘క్షవరం చేయించుకున్నాను’ అంటే స్పష్టంగా చెబుతుంది.

పని చేసినవాడి పక్కన చేత, తో, దగ్గర అన్నీ చెల్లుతాయి. ‘మెకానిక్కుతో విప్పించాను’లోని ‘తో’, ‘పానాతో విప్పాడు’లోని ‘తో’ చూడటానికి ఒకటే అయినా మొదటిది మనిషిని, రెండోది పనిముట్టును చెబుతుంది.

ఇక చేపిచ్చినా, ఏపిచ్చినా. చేయు, వేయు ధాతువులకు గ్రాంథికంలోనూ పత్రికల భాషలోనూ చేయించు, వేయించు అనేవే రూపాలు. తెప్పించు, మార్పించు లాంటి వాటిలో వినిపించే ‘పించు’ వీటికీ అంటుకుని చేపించు, వేపించు అయ్యాయి. చేపించు మీ జిల్లాలోనే కాదు, తెలంగాణలోనూ వినబడుతుంది. ‘ఇంచు’ను ‘ఇచ్చు’గా పలకడం, ‘ఆను’కు బదులు ‘ఇనా’ అనడం రాయలసీమ మాటతీరు. పరీక్షలోనో అర్జీలోనో అయితే చేయించాను, వేయించాను, మార్పించాను అని రాయండి. ఇంట్లో, షాపులో ‘చైన్ సెట్టు మార్పిచ్చినా’ అనే అనండి. మీ బావగారికీ అలాగే చెప్పండి.