కంప్యూటర్ సైన్స్ చదవబోయే అమ్మాయికి చరిత్ర, చిత్రకళ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ ఇప్పుడే పూర్తి చేసింది. అమెరికాలో రెండు లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో సీటు వచ్చింది. ఒకటి మసాచుసెట్స్‌లోని విలియమ్స్, రెండోది ఐయోవాలోని గ్రిన్నెల్. రెండు చోట్లా ఫీజులో పెద్ద భాగం ఎయిడ్‌గా ఇస్తామన్నారు. తనకు కంప్యూటర్ సైన్స్ చేయాలని ఉంది. కానీ విలియమ్స్‌లో భాషలు, కళలు, సామాజిక శాస్త్రాలు తప్పనిసరిగా చదవాలట. గ్రిన్నెల్‌లో అలాంటి నిబంధనలు దాదాపు లేవట. పదో తరగతితో వదిలేసిన సోషల్‌ను లక్షలు పోసి మళ్లీ చదవాలా? ఆ క్లాసుల్లో మార్కులు తగ్గితే ఉద్యోగానికి ఇబ్బంది కాదా? వాటిని సెలవుల్లో ఆన్‌లైన్‌లో తక్కువ ఖర్చుతో పూర్తి చేయవచ్చా? ఏ కాలేజీ మంచిది?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: ముందుగా అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. ఈ రెండింటిలో ఏ ఒక్కదానిలో సీటు రావడమైనా చాలా గొప్ప విషయం. మీ భయం కూడా నాకు అర్థమైంది. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది మొదట అడిగేది ఇదే.

మన ఇళ్లలో టెన్షన్ ఆ ‘ఆర్ట్స్’ అన్న మాట దగ్గరే మొదలవుతుంది. ఆర్ట్స్ అంటే మనకు హెచ్ఈసీ, సీఈసీ, ఆ తర్వాత బీఏ గుర్తొస్తాయి. ఈ కాలేజీల్లో ఆ మాటకు అర్థం వేరు: ఒక సబ్జెక్టును లోతుగా, దాంతోపాటు వేరే రంగాలనూ చదివించే చదువు. మధ్యయుగపు యూరప్‌లో లిబరల్ ఆర్ట్స్ అంటే ఏడు విద్యలు: వ్యాకరణం, తర్కం, వాక్చాతుర్యం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం. అంటే మీ అమ్మాయికి ఇష్టమైన లెక్కలు మొదటినుంచీ అందులో ఉన్నవే. ఈ కాలేజీల్లో ఫిజిక్స్, గణితం, కంప్యూటర్ సైన్స్ విభాగాలు చాలా గట్టివి.

ఇప్పుడు మీరు ‘లక్షలు పోసి’ అన్న విషయానికి వద్దాం. విలియమ్స్‌లో డిగ్రీకి 32 కోర్సులు చేయాలి, సెమిస్టర్‌కు నాలుగు చొప్పున. జనవరిలో ఉండే వింటర్ స్టడీ అనే చిన్న టర్మ్ వీటికి అదనం. కోర్సులన్నిటినీ మూడు విభాగాలు చేశారు: భాషలు-కళలు, సామాజిక అధ్యయనాలు, సైన్స్-గణితం. ఒక్కో విభాగంలో కనీసం మూడు కోర్సులు చేయాలి. మొత్తం తొమ్మిది. అయితే సైన్స్-గణితం విభాగంలోని మూడూ కంప్యూటర్ సైన్స్, గణితం చదివే మీ అమ్మాయికి వాటంతట అవే పూర్తవుతాయి. అంకెలతో, తర్కంతో పనిచేసే కోర్సు ఒకటి ఉండాలన్న నిబంధన కూడా అలాగే తీరిపోతుంది. మిగిలేవి ఆరు. రాయడం మీద దృష్టి పెట్టే కోర్సులు రెండు, సమాజంలోని భేదాలు, అధికారం, సమానత్వం గురించిన కోర్సు ఒకటి కూడా ఉండాలి. చూసుకుని ఎంచుకుంటే ఇవి కూడా ఆ ఆరింటిలోనే కలిసిపోతాయి.

అంటే 32లో ఆరు. వీటికోసం అదనంగా ఒక్క సెమిస్టర్ కూడా చదవక్కర్లేదు, నాలుగేళ్ల ఫీజులోనే ఇవీ ఉన్నాయి. మేజర్‌కు (డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టుకు) ఒక పది పన్నెండు కోర్సులు పోయినా, తనకు నచ్చినవి తీసుకోవడానికి ఇంకా చాలా చోటు మిగులుతుంది. కావాలంటే ఆ చోటులో ఇంకో మేజర్ కూడా చేయవచ్చు. ఇంకో మాట. మన దగ్గర ఐఐటీలో బీటెక్ చేసే పిల్లలకు కూడా హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ కోర్సులు తప్పనిసరి. అందుకని ఐఐటీ సీటు వదులుకున్నవాళ్లు నాకైతే ఎప్పుడూ కనిపించలేదు.

గ్రిన్నెల్ పద్ధతి వేరు. అక్కడ అందరికీ తప్పనిసరి అయినది మొదటి సెమిస్టర్‌లో ఉండే ట్యుటోరియల్ ఒక్కటే. ఒక అంశం తీసుకుని, ఒక ప్రొఫెసర్ దగ్గర కొద్దిమంది కూర్చుని చదవడం, వాదించడం, రాయడం. ఆ ప్రొఫెసరే మేజర్ ప్రకటించేదాకా పిల్లలకు సలహాదారుగా ఉంటారు. డిగ్రీకి 124 క్రెడిట్లు (కోర్సుల బరువును కొలిచే పాయింట్లు) కావాలి. మిగతా దారి విద్యార్థి, సలహాదారు కలిసి వేసుకుంటారు. ఈ పద్ధతిని ఓపెన్ కరిక్యులమ్ అంటారు. ఆమ్హెర్స్ట్ కాలేజీలోనూ దాదాపు ఇంతే. దీనికి పూర్తి వ్యతిరేకంగా సెయింట్ జాన్స్ కాలేజీ ఉంది. అక్కడ మేజర్లే ఉండవు, అందరూ ఒకే పాఠ్యక్రమం చదవాలి. మీరు చూస్తున్నవాటిలో విలియమ్స్ ఈ రెండు కొసలకూ మధ్యలో ఉంది, గ్రిన్నెల్ స్వేచ్ఛ వైపు కొసన ఉంది.

నిబంధనలు తక్కువ కాబట్టి గ్రిన్నెల్ తేలిక అని మీరు అనుకుంటే, ఆ ఆలోచనను మాత్రం నేను ఒప్పుకోను. మన పిల్లల సంగతి ఒక్కసారి చూడండి. పదిహేనో ఏట, పదహారో ఏట ఎంపీసీ తీసుకున్న రోజే చరిత్ర, జీవశాస్త్రం, బొమ్మలు, పాటలు అన్నీ వెనక్కి వెళ్లిపోతాయి. రెండేళ్లు పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా మూడు సబ్జెక్టులు, నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తుపట్టే సాధన. ఏది చదవాలో, ఎప్పుడు చదవాలో, ఏ చాప్టర్ వదిలేయాలో కూడా వేరేవాళ్లే చెబుతారు. అలా వచ్చిన పిల్లకు ఒక్కసారిగా ‘నీ ఇష్టం’ అంటే ఏం చేస్తుంది? తెలిసిన దారిలోనే వెళ్తుంది. నాలుగు కోర్సులూ లెక్కలు, కోడింగ్ తీసుకుని, అమెరికాలో ఇంకో ఇంటర్ చదువుతుంది. ఇది పిల్లల తప్పు కాదు. వాళ్లకు ఎంచుకోవడం మనం నేర్పలేదు.

మేజర్ బయట చదవాల్సిన ఈ జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులు నాకు మన పిల్లల విషయంలో మరీ ముఖ్యంగా కనిపించేది అందుకే. ఇంటర్‌లో వాళ్ల చేతిలోంచి మనం తీసేసుకున్నవాటిని ఇవి తిరిగి ఇస్తాయి. అన్నిటికంటే ముందు, రాయడం.

కొన్నేళ్ల కిందట నా దగ్గర సలహా తీసుకుని వెళ్లిన ఒక అబ్బాయి మొదటి సెమిస్టర్ మధ్యలో రాత్రిపూట ఫోన్ చేశాడు. లెక్కల్లో క్లాసులో అందరికంటే ముందున్నాడు. చరిత్ర కోర్సులో ఐదు పేజీల వ్యాసానికి మాత్రం ‘సి’ వచ్చింది. ‘మేడమ్, పుస్తకంలో ఉన్నదంతా రాశాను, ఒక్క పాయింట్ కూడా వదల్లేదు’ అన్నాడు. ప్రొఫెసర్ మార్జిన్‌లో ఒకే ప్రశ్న రాశారట: నువ్వేమంటావు? పన్నెండేళ్ల చదువులో ఆ ప్రశ్న తనను ఎవరూ అడగలేదని ఆ అబ్బాయి అంటుంటే నాకు చాలా బాధ కలిగింది. ఆ తర్వాత వాడు ప్రతి వ్యాసం చిత్తుప్రతి పట్టుకుని కాలేజీ రైటింగ్ సెంటర్‌కు వెళ్లడం అలవాటు చేసుకున్నాడు. అక్కడ సీనియర్లు పక్కన కూర్చుని చదివి, ఎక్కడ వాదన తప్పిందో చెబుతారు, ఖర్చేమీ ఉండదు. మూడో సెమిస్టర్‌కు వాడి రాత నిలబడింది. ఈరోజు ఒక సాఫ్ట్‌వేర్ బృందంలో డిజైన్ డాక్యుమెంట్లు రాసే పని వాడికే ఇస్తున్నారు.

ఇక్కడే ఒక ప్రమాదం గురించి మీరు అమ్మాయికి గట్టిగా చెప్పాలి. మన దగ్గర గైడ్‌లోంచో, నెట్‌లోంచో ఒక పేరా ఎత్తి రాయడాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అక్కడ అది దొంగతనం కింద లెక్క. ఎక్కడి నుంచి తీసుకున్నదీ చెప్పకుండా రెండు వాక్యాలు దించినా విచారణ కమిటీ ముందు నిలబడాల్సి వస్తుంది, కోర్సు ఫెయిల్ చేయవచ్చు, సస్పెన్షన్ దాకా వెళ్లవచ్చు. ఏఐ సాధనాలు వాడటం మీద కూడా ఒక్కో ప్రొఫెసర్‌కు ఒక్కో నియమం ఉంటుంది. సందేహం ఉంటే ముందే అడగాలి. వినయంగా తల వంచుకుని ఊరుకోవడం అక్కడ పనికిరాదు. ప్రొఫెసర్లు ఆఫీస్ అవర్స్ పెట్టుకునేదే పిల్లలు వచ్చి అడగడానికి.

మార్కుల గురించి. మొదటి ఏడాది గ్రేడ్ కొంచెం తగ్గే అవకాశం ఉంది, దాచను. కానీ ‘తేలిగ్గా “ఎ” గ్రేడ్ వచ్చే కోర్సు ఏది’ అని సీనియర్లను అడిగి తీసుకోవడం మాత్రం వద్దు. కోర్సు పేరు కంటే పాఠం చెప్పే మనిషిని చూసి ఎంచుకోమనండి. గ్రేడ్ లేకుండా పాస్/ఫెయిల్ పద్ధతిలో తీసుకుంటే చాలా చోట్ల ఆ కోర్సు తప్పనిసరి నిబంధనల కింద లెక్కకు రాదు. అది ముందే తెలుసుకోవాలి.

ఉద్యోగం విషయంలో మీరు చూడాల్సింది మేజర్‌ను. చదువయ్యాక ఓపీటీ (చదివిన సబ్జెక్టుకు సంబంధించిన ఉద్యోగం చేయడానికి విద్యార్థులకు ఇచ్చే అనుమతి) కింద 12 నెలలు పనిచేయవచ్చు. మేజర్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటే ఇంకో 24 నెలల పొడిగింపునకు అర్హత ఉంటుంది. దీన్ని నిర్ణయించేది, వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో మేజర్‌కు ఇచ్చిన సీఐపీ కోడ్, అంటే ఆ సబ్జెక్టుకు అమెరికా ప్రభుత్వ జాబితాలో ఉండే సంఖ్య. పక్కన చదివిన చిత్రకళ, చరిత్ర దాన్ని ఏమీ చేయవు. కంప్యూటర్ సైన్స్‌కు ఈ ఇబ్బంది లేదు. రేపు మనసు మారి ఎకనామిక్స్ వైపు వెళ్తే మాత్రం, ఆ కాలేజీ ఏ కోడ్ వాడుతోందో అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే ఆ సబ్జెక్టులో కొన్ని కోడ్‌లే స్టెమ్ కిందకు వస్తాయి. ఈ వీసా నియమాలు మారుతుంటాయి కాబట్టి ఆ సమయానికి మళ్లీ చూసుకోండి.

ఆన్‌లైన్‌లో చవగ్గా పూర్తి చేసే ఆలోచన మానుకోండి. బయట చేసిన కోర్సులను లెక్కలోకి తీసుకోవాలంటే కాలేజీ ముందస్తు అనుమతి కావాలి. ఇలాంటి కాలేజీలు ఆ విషయంలో చాలా పట్టుదలగా ఉంటాయి. పైగా ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్‌లో పూర్తి కోర్సుల భారం మోయాలి. ఆ లెక్కలోకి ఒక ఆన్‌లైన్ కోర్సుకు మించి రాదు. కష్టంగా ఉందని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగకుండా ఒక కోర్సు వదిలేసినా వీసాకే ముప్పు రావచ్చు. ముందు అడిగితే మొదట్లో ఇబ్బంది పడే పిల్లలకు కొంత వెసులుబాటు ఇచ్చే నియమం కూడా ఉంది.

తెలుగు గురించి ఒక మాట, ఇది చాలామందికి తట్టదు. విలియమ్స్‌లో, గ్రిన్నెల్‌లో అందరికీ విదేశీ భాష తప్పనిసరి కాదు. ఆ నిబంధన ఉన్న కాలేజీలు వేరే ఉన్నాయి. వాటిలో కొన్ని, ఇంగ్లీషు కాని ఇంకో భాష చదవడం, రాయడం బాగా వచ్చని చూపిస్తే ఆ నిబంధన నుంచి మినహాయిస్తాయి. పది దాకా తెలుగు చదివిన పిల్లలు ఇది తప్పకుండా అడగాలి. ఇలాంటి ఉత్తరాలు రాసే మిగతా తల్లిదండ్రుల కోసం ఇది చెబుతున్నాను. అమెరికా ఖర్చు భరించలేనివాళ్లకు ఇలాంటి చదువు మన శ్రీసిటీలోని క్రియా యూనివర్సిటీలో, సోనీపత్‌లోని అశోకలో ఉంది. అక్కడా అందరికీ ఉమ్మడి కోర్సులు ఉంటాయి.

మీ అసలు ప్రశ్న, ఏ కాలేజీ? మీ అమ్మాయిని నేను చూడలేదు. అందుకే ఒక పని చేయండి. రెండు కాలేజీల కోర్సు కేటలాగ్‌లూ వెబ్‌సైట్‌లో ఉంటాయి. కంప్యూటర్ సైన్స్, గణితం పక్కనపెట్టి, తనకు కూర్చోవాలనిపించిన ఎనిమిది కోర్సులు రాసుకోమనండి. మీరు పక్కన కూర్చోవద్దు. ఆ ఎనిమిదీ నాలుగైదు శాఖల నుంచి, ఉత్సాహంగా వచ్చాయంటే గ్రిన్నెల్ స్వేచ్ఛ ఆ పిల్లకు బాగా సరిపోతుంది. పేజీలు తిప్పి ‘ఏమో నాన్నా, నాకు తెలియట్లేదు’ అందంటే నేను విలియమ్స్ వైపే మొగ్గుతాను. ఆ మూడు విభాగాల నిబంధన తనను చేయి పట్టుకుని కొత్త గదుల్లోకి తీసుకెళ్తుంది. అక్కడ రెండో ఏడాది ముగిసేలోపు ప్రతి విభాగంలో రెండేసి పూర్తి కావాలి కాబట్టి చివరిదాకా వాయిదా వేసే వీలు కూడా ఉండదు.

ఎక్కడ చేరినా మొదటి సెమిస్టర్‌కు ఒక కంప్యూటర్ సైన్స్, ఒక గణితం, రాయడం నేర్పే ఒక సెమినార్, ఇంతవరకూ తాకని సబ్జెక్టు ఒకటి తీసుకుంటే సరిపోతుంది. కొన్ని కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ క్లాసుల్లో సీట్లకు పోటీ ఉంది. నాలుగేళ్ల నమూనా ప్లాన్ పంపమని రెండు చోట్లా ఆ విభాగానికి అమ్మాయి చేతే ఈ వారం ఈమెయిల్ రాయించండి. అక్కడి కాలేజీలకు జవాబు చెప్పాల్సిన గడువు సాధారణంగా మే 1. ఆ ఎనిమిది కోర్సుల జాబితా తయారయ్యాక నాకు పంపండి, చూసి మళ్లీ రాస్తాను.