చొప్ప తగలబెట్టకండి

సందేహం: ఏడు నెలల క్రితం వ్యాపారి దగ్గర కొన్న ఎండు జొన్న చొప్ప మేసి మా రెండు పాడి ఆవులు గంటల్లో చనిపోయాయి. మూడోదాన్ని డాక్టరు ఇంజెక్షన్‌తో బతికించి, నైట్రేట్ విషం అన్నారు. చనిపోయినవాటిని అదే రోజు పాతిపెట్టాం, పోస్ట్‌మార్టం లేదు. వ్యాపారి తనకు సంబంధం లేదంటున్నాడు. మిగిలిన చొప్పను తగలబెట్టాలనిపిస్తోంది. తెలిసినాయన పాత తేదీతో పోస్ట్‌మార్టం రిపోర్టు రాయిస్తానంటున్నాడు. కేసు నిలుస్తుందా?

జవాబు: వ్యాపారి ఎంత దురుసుగా మాట్లాడాడన్నది కోర్టుకు అక్కర్లేదు. ఆవులు ఆ చొప్ప వల్లే పోయాయని చూపగలరా? కేసంతా అక్కడే ఉంది.

పోస్ట్‌మార్టం లేకుండా పాతిపెట్టడం మీ నిర్లక్ష్యమే. చనిపోయిన పశువు కంటి ద్రవంలో కూడా నైట్రేట్ దొరుకుతుంది. ఆ రోజు ఆ నమూనా తీయించి ఉంటే సగం టెన్షన్ తప్పేది.

మీరు ఒక్క ముక్కలో దాటేసిన మూడో ఆవే ఇప్పుడు మీకు దిక్కు. రక్తం (నైట్రేట్ విషంలో మారినట్టే) చాక్లెట్ రంగులో ఉందని, దానికి విరుగుడైన మిథిలీన్ బ్లూ ఎక్కించానని డాక్టరు ఆ రోజే రాసి ఉంటే, ఆ కాగితం నకలు వెంటనే తీసుకోండి. జొన్నలో సయనైడ్ విషం కూడా ఉంటుంది కదా అని అవతలి లాయరు తప్పక అడుగుతాడు. దానిలో రక్తం బాగా ఎర్రగా ఉంటుంది, పైగా చొప్ప ఎండితే అది తగ్గిపోతుంది. నైట్రేట్ అలా పోదు. అందుకే వానకు తడవని ఆ కుప్ప ఇవాళ్టికీ సాక్ష్యమే. పశువైద్యుడు, ఇద్దరు పెద్దమనుషుల ముందు, వ్యాపారికి నోటీసిచ్చి, మొదలుతో సహా కాడలు తీసి సీలు వేయించండి. విషం ఎక్కువగా చేరేది కాడ అడుగు భాగంలోనే. మిగతాది కదపకండి, వినియోగదారుల కమిషన్ తానుగా ల్యాబుకు పంపమనవచ్చు.

పాత తేదీ రిపోర్టు జోలికి మాత్రం వెళ్లొద్దు. కోర్టు విచారణలో వాడేందుకు దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. నిజమైన కేసు కూడా దాంతోనే మునుగుతుంది.

విషముందని తనకు తెలియదని వ్యాపారి అన్నా చెల్లదు. పశువుల మేతకని చెప్పి, మేత అమ్మేవాడి దగ్గరే కొంటే, సరుకు ఆ అవసరానికి పనికొచ్చేదై ఉండాలనే 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ మీ వైపు ఉంటుంది. కమిషన్‌కు గడువు రెండేళ్లు, సివిల్ దావాకు మూడేళ్లు. పాడి మీ స్వయం ఉపాధేనని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి, లేకపోతే వ్యాపారం కోసం కొన్నారంటూ కేసు కొట్టించేస్తారు. బిల్లు లేకపోతే, డబ్బు పంపిన వివరాలున్న ఫోనును జాగ్రత్తగా ఉంచుకోండి.

ఆకలి మీదున్న ఆవులకు ఆ రోజు ఒక్కసారే ఎంత చొప్ప వేశారో మీరు రాయలేదు. మీ లాయరుకు అది దాచకండి, ఒక్కసారే ఎక్కువ వేయడం మీ తప్పేనంటూ పరిహారం కోత పడేది అక్కడే.