కౌలు చేనులో పడిన ఉల్క ఎవరిది?

ప్రశ్న: కౌలుకు చేస్తున్న పత్తి చేనులో, రాత్రి పెద్ద వెలుగు, ఉరుములాంటి శబ్దం వచ్చిన మర్నాడు నల్లటి ఇనుప ముద్ద దొరికింది. భూమి తనది కాబట్టి అదీ తనదేనని పట్టాదారు అంటున్నారు. ఇరిడియం అనే ఖరీదైన అరుదైన లోహం ఉందేమో, ముక్క కోసి చూసి లక్షలు ఇస్తామని ఒకరు తిరుగుతున్నారు. ఏం చేయాలి? - ఒక పాఠకుడు, భూపాలపల్లి జిల్లా

జవాబు: ముందు ఆ ముక్క కోయనివ్వకండి. ఇరిడియం పేరుతో బయానా గుంజే ముఠాలపై మన దగ్గర ఎన్నో కేసులున్నాయి. మోసపోతే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ ఉంది గానీ, పోయిన డబ్బు తిరిగి రావడం కష్టం.

ఉల్క ఎవరిదో తేల్చే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. 1878 నాటి గుప్తనిధుల చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. నిన్న ఆకాశం నుంచి పడినది ‘దాగిన’ వస్తువు కాదని నా అభిప్రాయం. అయినా తెలపడమే క్షేమం. స్వీడన్‌లో 2020 నవంబరు 7న పడిన సుమారు 14 కిలోల ఇనుప ఉల్కపై కనుగొన్నవారు, భూయజమాని కోర్టుకెక్కితే కింది కోర్టు, అప్పీలు కోర్టు చెరో మాట చెప్పాయి. మీ కౌలు నోటిమాటదైతే చిక్కు ఇంకా ఎక్కువ.

కానీ హక్కు దావాకు మూడేళ్ల గడువుంది. ఉల్కకు అంత వ్యవధి లేదు. అంతరిక్ష కిరణాల తాకిడికి అందులో పుట్టిన రేడియోధార్మిక పదార్థాల్లో వెనేడియం-48 పదహారు రోజుల్లో సగానికి తగ్గిపోతుంది, మాంగనీస్-54 సుమారు 312 రోజుల్లో. అవి ఉండగా కొలిస్తేనే అది ఇటీవల పడిందని రుజువవుతుంది. పడుతుండగా జనం చూసిన ఉల్కల్లో ఇనుపవి నూటికి ఐదుకు మించవు. చాలా ఇనుప ఉల్కల్లో, లక్షల ఏళ్లు నెమ్మదిగా చల్లారినప్పుడు ఏర్పడిన నికెల్-ఇనుము స్ఫటికాల అల్లిక ఉంటుంది. కొలిమిలో పెడితే అది చెరిగిపోతుంది. అయస్కాంతం ఆనించినా లోపలి పురాతన అయస్కాంత ముద్ర పోతుంది. అందుకే ఇంట్లో ఏ పరీక్షా వద్దని గట్టిగా చెబుతున్నాను.

దేశంలో పడిన ఉల్కలకు అధికారిక సంరక్షక సంస్థ జీఎస్ఐ (భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ). దాని దక్షిణ ప్రాంత కార్యాలయం హైదరాబాద్ బండ్లగూడలో ఉంది. 2020 జూన్‌లో రాజస్థాన్‌లోని సాంచోర్‌లో సుమారు 2.8 కిలోల ఉల్క పడితే ముందుగా పోలీసులే స్వాధీనం చేసుకున్నారు. మీరూ గుంతతో సహా ఫొటోలు తీసి, ముద్దను శుభ్రమైన పొడి సంచిలో ఉంచి, కలెక్టరుకు, తహసీల్దారుకు, జీఎస్ఐకి ఒకే దరఖాస్తు ఇవ్వండి. పట్టాదారు సంతకం కూడా తీసుకోండి. ‘హక్కుల విషయం తర్వాత తేల్చుకుంటాం’ అన్న వాక్యం చేర్చితే ఇద్దరికీ నష్టం లేదు. పంచనామాలో బరువు రాయించి, నకలు, రసీదు లేకుండా అప్పగించకండి. ఉల్కకు దొరికిన చోటి పేరే పెడతారు కాబట్టి గ్రామం, సర్వే నంబరు తప్పు లేకుండా రాయండి.