పైన లడ్డూ ఒకటేనన్నా!

ప్రశ్న: నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి కుటుంబం కాలిఫోర్నియాలో ఉంటుంది. మనవరాలు అక్కడ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, ఈ సెప్టెంబరులో యూనివర్సిటీలో బయో ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో చేరింది. మొన్న ఫోన్ చేసి, మిడ్‌టర్మ్‌లో మార్కులు బాగా తగ్గాయని ఒకటే ఏడుపు. నాతో వాకింగ్‌కొచ్చే వాళ్లేమో ‘అదీ మన పాలిటెక్నిక్ లాంటిదే కదా, అందుకే అట్లా’ అంటున్నారు. పొరపాటు చేశామా? ఇంత దూరంలో ఉండి మేమేం చేయగలం?
- ఒక తాత, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అన్నా, ముందు మీ వాకింగ్ మిత్రుల సంగతి తేలుద్దాం. కాలిఫోర్నియాలో ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీలు 116 ఉన్నాయి. నాలుగేళ్ల డిగ్రీలో మొదటి రెండేళ్ల చదువు అక్కడ తక్కువ ఫీజుతో ముగించి, 60 సెమిస్టర్ యూనిట్లతో (మన క్రెడిట్ల లాంటివి) యూనివర్సిటీకి మారతారు. మన పాలిటెక్నిక్ పిల్లలు బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్ లాంటి పరీక్షేమీ ఉండదు. మార్కులూ, చదివిన కోర్సులూ, రాసిన వ్యాసాలూ చూస్తారు. బయో ఇంజనీరింగ్ అంటే ఆ రెండేళ్లలోనే కాలిక్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ అన్నీ గట్టెక్కాలి. అవన్నీ దాటొచ్చిన పిల్లను ‘అందుకే అట్లా’ అంటారా? అలిపిరి నుంచి 3550 మెట్లెక్కినా, శ్రీవారి మెట్టు నుంచి 2388 ఎక్కినా, పైన లడ్డూ ఒకటే.

మరి మార్కులెందుకు తగ్గాయంటారా? నేనూ పాలిటెక్నిక్ నుంచే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వచ్చినదాన్ని. మొదటి ఇంటర్నల్‌లో లెక్కల్లో 20కి 7. మాస్టారు బోర్డు మీద సగం లెక్క వదిలేసి ‘ఇది ఫస్టియర్‌లో చెప్పుకున్నాం’ అనేవారు. ఎవరితో చెప్పుకున్నారో, నాతో కాదు! చివరికి పక్క బెంచీ అమ్మాయి తన ఫస్టియర్ నోట్సు ఇచ్చింది. ఇంటెగ్రేషన్ పేజీ మీద సాంబారు మరక, దాని కింద సగం ఫార్ములా. ఆ సగం కోసం తన వెంటబడ్డాను, స్నేహం అట్లా కుదిరింది. రెండో ఇంటర్నల్‌కు 14 వచ్చాయి.

కొత్త చోట మొదటి టర్ములో మార్కులు పడిపోవడానికి అమెరికాలో పేరే ఉంది, ట్రాన్స్‌ఫర్ షాక్ అంటారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లలో బెర్క్‌లీ, మెర్సెడ్ తప్ప తక్కినవి క్వార్టర్ పద్ధతిలో నడుస్తాయి. మొదటి క్వార్టరు సెప్టెంబరు చివర్లో మొదలై, పాఠాలన్నీ పది వారాల్లో అయిపోతాయి. సెమిస్టర్ నడకకు అలవాటుపడిన పిల్ల క్లాసు ఎక్కడుందో వెతుక్కునేలోపే మిడ్‌టర్మ్ మీద పడుతుంది. మీ మనవరాలిదీ ఇదే కథలా ఉంది.

తనకు నా మాటగా రెండు చెప్పండి. ఒకటి, ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌లో, అంటే పిల్లల సందేహాల కోసం ఆయన కేటాయించే సమయంలో, వెళ్లి కూర్చోవాలి. ‘ఇంత చిన్న డౌటా’ అనుకుంటారేమోనని మన పిల్లలు జంకుతారు, ఆ సమయం పెట్టిందే అందుకు. రెండోది ఇంకా ముఖ్యం. ఏదో ఒక పరిశోధన ల్యాబ్‌లో చేరడానికి ఇప్పుడే ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాలి. మొదటి ఏడాది నుంచీ అక్కడున్నవాళ్లకు ల్యాబ్‌లు తెలుసు, సీనియర్లు తెలుసు. తనకున్నది రెండేళ్లే. మార్కులు మళ్లీ ఎక్కుతాయి, ఈ రెండేళ్లు మాత్రం తిరిగి రావు.

ఇక మీరు చేయగలిగింది. ఆదివారం పొద్దున 8కి ఫోన్ చేయండి, అక్కడ శనివారం రాత్రి 7:30 అవుతుంది. నవంబరులో వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక 6:30. మార్కులు అడగొద్దు. ఆ వారం విన్న పాఠం ఒకటి మీకు అర్థమయ్యేదాకా చెప్పమనండి. వదినగారికి మోకాళ్ల నొప్పులుంటే, ఆపరేషన్‌లో వేసే కీలు దేనితో చేస్తారో, ఎన్నాళ్లకు అరుగుతుందో అడగమనండి. అది వాళ్ల సబ్జెక్టే.