పోగులు లెక్కపెట్టాకే కథ: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో పుట్టి పెరిగిన ఆఫ్ఘన్ చిత్రకారిణి తన పెద్దల కళను వెతుక్కోవడం మీద నువ్వు రాసిన కథ చదివాను. చోటు బాగా ఎంచుకున్నావు. అక్కడి సెంటర్‌విల్ ప్రాంతాన్ని లిటిల్ కాబూల్ అంటారు, మనవాళ్లూ ఆ ఊళ్లో బోలెడుమంది. అయితే కథలో ఆమె బెంగ కనిపించినంతగా ఆమె పని కనిపించడం లేదు. ‘మాతృభూమి’ అన్న మాట పేజీకోసారి వస్తోంది గానీ, సూది ఒక్కసారి కూడా గుడ్డలో దిగలేదు. కళాకారిణికి తన వారసత్వం చేతుల్లోంచే దొరుకుతుంది. ఆ చేతులు ఏం చేస్తున్నాయో నీకు తెలియనంతకాలం మిగతాదంతా గాలిలోనే ఉంటుంది.

ముందు తారీఖులు చూడు. ‘యుద్ధం వచ్చింది, పారిపోయారు’ అని రాశావు. ఏ యుద్ధం? 1978 ఏప్రిల్ తిరుగుబాటు తర్వాత, 1979 డిసెంబరులో సోవియట్ సేనలు దిగాక దేశం విడిచినవాళ్ల జ్ఞాపకాలు ఒక రకం. 1992 నుంచి ముజాహిదీన్ వర్గాలు కాబూల్ మీద రాకెట్లు కురిపించినప్పుడు వెళ్లినవాళ్లవి ఇంకో రకం. 1996లో తాలిబాన్ కాబూల్‌ను పట్టుకున్నాక వెళ్లినవాళ్లవి, 2021 ఆగస్టులో విమానం ఎక్కినవాళ్లవి మళ్లీ వేరు. నీ నాయికకు 2024లో 34 ఏళ్లు. అమెరికాలోనే పుట్టింది కాబట్టి తల్లిదండ్రులు 1990 నాటికే అక్కడున్నారు. మరి ఆ తల్లి తాలిబాన్ కొరడాలను తలుచుకుని ఎలా ఏడుస్తుంది? ఆమెకు గుర్తుండాల్సింది రాత్రి కర్ఫ్యూ, ఇంటికొచ్చి పట్టుకెళ్లాక మళ్లీ కనబడని తమ్ముడు, కొండదారిన పాకిస్తాన్‌లోని పేషావర్ చేరడం. ఎవరు ఏ ఏడు పుట్టారో, ఏ ఏడు ఎక్కడున్నారో ఒక కాగితం మీద వేసుకుంటే ఇలాంటివి నీకే దొరికిపోతాయి.

ఇంటి భాష ఏమిటో కూడా తేల్చుకో. కాందహార్ కుట్టు అంటున్నావు గనక పష్తో మాట్లాడే కుటుంబం అనుకో, కాబూల్‌లో ఉండి వచ్చారు గనక దరీ, అంటే ఆఫ్ఘన్ పారశీకం కూడా వస్తుంది. అమెరికాలో పుట్టిన పిల్లల్లో మాట్లాడడం వచ్చి చదవడం రానివాళ్లు చాలామంది. అమ్మమ్మ ఉత్తరం చదవలేని పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు కాబట్టి ఈ కష్టం నీకు తేలిగ్గానే అందుతుంది. కానీ మన వలసకూ వాళ్ల వలసకూ పోలిక అక్కడితో ఆపు. మనవాళ్లు సెలవుల్లో టికెట్ కొనుక్కుని విజయవాడో వరంగలో వెళ్లొస్తారు. ఆ కుటుంబం తలుపు తాళం కూడా వేయకుండా వచ్చింది.

ఇక అసలు సంగతి, ఖామక్. నువ్వు దాన్ని ‘రంగురంగుల ఆఫ్ఘన్ ఎంబ్రాయిడరీ’ అని ఒక్క ముక్కలో దాటేశావు. కాందహార్ ఆడవాళ్ల పని అది. మగవాళ్ల చొక్కాల ఛాతీ మీద, శాలువాల మీద పట్టుదారంతో కుడతారు. తెలుపు మీద తెలుపు కుట్టినదైతే వెలుతురు పక్కనుంచి పడితే గానీ నమూనా కనబడదు. గుడ్డ మీద ముందుగా గీత గీయరు, అచ్చు వేయరు. పడుగు పోగులు, పేక పోగులు కంటితో లెక్కపెట్టుకుంటూ గుడ్డ వెనకవైపు నుంచి కుడతారు. నక్షత్రాలు, కోణాలు అన్నీ ఆ లెక్కలోంచే పుట్టాలి.

నీ నాయిక ఆర్ట్ స్కూల్లో చదివింది, చెయ్యి పెన్సిల్‌కు అలవాటు పడింది. కాబట్టి ఆమె చేసే మొదటి తప్పు గుడ్డ మీద గీత గీసుకోవడం. గీత పోగుల మీద పడదు, రెండు పోగుల మధ్య ఏటవాలుగా పోతుంది, దాని వెంట కుడితే అంచు రంపంలా వస్తుంది. గుడ్డ ఎంపికలోనూ తప్పుతుంది. అంగుళానికి ఒక దిక్కున 30 పోగులు, ఇంకో దిక్కున 26 ఉన్న గుడ్డ మీద రెండువైపులా 30 పోగుల చొప్పున కుడితే ఒక పక్క అంగుళం, రెండో పక్క 1.15 అంగుళాలు వస్తుంది. నక్షత్రం కోలగా సాగుతుంది. దారం మూరెడు కంటే పొడుగు తీసుకుంటే గుడ్డలో దూరి దూరి నూగు లేస్తుంది. బిగించి లాగితే గుడ్డ ముడతపడుతుంది, వదులుగా వదిలితే కుట్టు ఉబ్బి గోటికి తగులుకుంటుంది. వీటన్నిటికంటే కష్టమైనది లెక్క తప్పడం. ఒక్క పోగు తప్పితే ఆ వరసలో ఏమీ తెలియదు. ఎనిమిది కోణాలూ చుట్టి వచ్చి, మొదలుపెట్టిన చోట కలపబోయినప్పుడు బయటపడుతుంది. అప్పుడు తప్పిన చోటిదాకా విప్పుకుంటూ పోవాలి. విప్పిన పట్టుదారం మెరుపు పోయి మళ్లీ పనికిరాదు.

నీ కథలో పెద్ద ఘట్టం ఈ విప్పడమే. రెండు పేజీలైనా ఇవ్వు, ఏడుపు పెట్టకు. అది రాయడానికి ముందు నువ్వూ జానెడు గుడ్డ కొనుక్కో. లెక్కకుట్టుకు పనికొచ్చే, అంగుళానికి 28 పోగులున్న నార గుడ్డ దుకాణాల్లో దొరుకుతుంది. ఒక్క నక్షత్రం కుట్టి చూడు.

నేర్పే మనిషి ఎవరన్నది కూడా ముఖ్యం. 2021 తర్వాత కాలిఫోర్నియా చేరిన కాందహార్ స్త్రీని పెట్టు. ముందొచ్చిన కుటుంబానికి సొంత ఇల్లుంది, ఈమెకు కాగితాలు ఇంకా తేలలేదు. ఆ తేడా ఇద్దరి మధ్యా కూర్చునే ఉంటుంది. గంటకు ఎంత ఇస్తున్నారో రాయి, డబ్బు సంగతి దాచకు. అమెరికాలో చదువుకున్న రంగీనా హమీదీ 2003లో కాందహార్ తిరిగి వెళ్లి, ఖామక్ కుట్టే స్త్రీలకు ఆ పనే ఆదాయమయ్యేలా కాందహార్ ట్రెజర్ అనే సంస్థను నిలబెట్టింది. 2011లో, కాందహార్ మేయర్‌గా ఉన్న ఆమె తండ్రిని ఆత్మాహుతి దాడిలో చంపేశారు. ఇంకో మాట, నీ నాయిక తనకు నేర్పే పెద్దావిడను పేరుపెట్టి పిలుస్తోంది. అలా పిలవరు, ‘ఖాలా జాన్’, అంటే పిన్నిగారూ అనాలి.

కొత్త సంవత్సరపు పండుగ నౌరోజ్ ఘట్టంలో ‘సీన్’ అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువులు బల్ల మీద పెట్టావు. అది ఇరాన్ పద్ధతి. ఆఫ్ఘన్ ఇళ్లలో హఫ్త్ మేవా, అంటే ‘ఏడు పండ్లు’ చేస్తారు. నల్ల ఎండుద్రాక్ష, పచ్చ ఎండుద్రాక్ష, సంజిద్ పండ్లు, ఎండు ఆప్రికాట్, బాదం, పిస్తా, అక్రోటు (వాల్‌నట్) తలా ఒక కప్పు తీసుకుని, మునిగి పైన రెండు వేళ్లు నిలిచేలా నీళ్లు పోసి రెండు రోజులు నానబెడతారు. పంచదార అక్కర్లేదు, ద్రాక్ష తీపే నీళ్లలోకి దిగుతుంది. బాదం, పిస్తా, అక్రోటు ముందే వేడినీళ్లలో వేసి పొట్టు తీయాలి. అక్రోటు పొట్టు మహా విసుగు పుట్టిస్తుంది. తీయకుండా వేస్తే నీళ్లు నల్లబడి వగరెక్కుతాయి. కూతురు ఆ పని ఎగ్గొడితే తల్లికి గిన్నె చూడగానే తెలిసిపోతుంది. వాళ్లిద్దరి గొడవ అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

నిజమైన కళాకారుల పనులూ చూడు. న్యూయార్క్‌లో 1978లో పుట్టిన మరియం ఘనీ, 2012లో జర్మనీలో జరిగిన డాక్యుమెంటా కళాప్రదర్శనలో కాసెల్ నగరపు ఫ్రిడెరిసియానమ్ మ్యూజియాన్నీ, కాబూల్‌లో అప్పటికి శిథిలంగా ఉన్న దారుల్ అమాన్ మహల్‌నీ పక్కపక్క తెరల మీద నడిపించింది. హంగామా అమీరీ గుడ్డముక్కలు కత్తిరించి, కలిపి కుట్టి కాబూల్ దుకాణాలనూ బ్యూటీపార్లర్లనూ నిలబెడుతుంది. ఇద్దరూ ‘దేశం’ అనే పెద్ద మాట జోలికి పోకుండా ఒక భవనాన్నో ఒక అంగడినో పట్టుకున్నారు. నీ నాయిక ప్రదర్శనలో ఏం వేలాడుతుందో కూడా అంత కచ్చితంగా నాకు కనబడాలి. కొలతలతో సహా రాయి.

చివరి పేజీలో ఆమె కాబూల్‌లో దిగి మట్టిని ముద్దు పెట్టుకుంటుంది. ఆ పేజీ తీసెయ్. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలకు బడి లేదు, 2022 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు విశ్వవిద్యాలయాలూ మూసేశారు. అలాంటి చోటికి ఆమె ఎందుకు, ఎవరి తోడుతో వెళ్లిందో ఒక్క ముక్కా లేకుండా ఆ ముద్దు నమ్మలేం. ఫోన్‌లో కాందహార్ పిన్ని కుట్టు చూపిస్తూ మాట్లాడే ఘట్టం నీ దగ్గర ఉండనే ఉంది, దాన్ని పెంచు. నీకు ఈ వివరాలు చెప్పిన నిజమైన మనుషుల పేర్లు, ఊళ్లు, వీధులు మాత్రం మార్చు. అక్కడ మిగిలిన వాళ్ల బంధువులకు ఇబ్బంది రాకూడదు. అచ్చుకు పంపే ముందు ఆ భాగాలు వాళ్లకు చదివి వినిపించు, వద్దన్నది కొట్టెయ్.

తిరగరాసిన కథ ఇప్పుడే వద్దు. ముందు తారీఖుల కాగితం పంపు, దాంతోపాటు నువ్వు కుట్టిన నక్షత్రం ఫొటో, గుడ్డ వెనకవైపుది కూడా.