150 సీసీ స్పోర్ట్స్ బైక్‌కు అంత డబ్బు పెట్టడం దండగేనా?

నా దృష్టిలో కాదు. అయితే సీసీ చూసి ధర లెక్కకడితే ఈ బండ్లు అర్థం కావు.

2008లో యమహా ఆర్15 వచ్చేదాకా మన దగ్గర 150 సీసీ అంటే ఆఫీసు బండే. ఆర్15లో మాత్రం లిక్విడ్ కూలింగ్ (ద్రవంతో ఇంజిన్‌ను చల్లబరచడం), ఫ్యూయల్ ఇంజెక్షన్, ఆరు గేర్లు, డెల్టాబాక్స్ అనే గట్టి ఫ్రేమ్ ఇచ్చారు. పవర్ సుమారు 17 పీఎస్‌. అసలు మజా మలుపుల్లో ఉంది: తేలికైన బండి, చెప్పినట్టు వింటుంది. 2018లో దీని 155 సీసీ ఇంజిన్‌కు వీవీఏ (ఇంజిన్ వేగాన్ని బట్టి వాల్వ్‌లు తెరుచుకునే తీరు మార్చే ఏర్పాటు) తెచ్చారు. ఇంజిన్ దాదాపు 7,400 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటగానే ఇన్‌టేక్ వాల్వ్‌లను తెరిచే క్యామ్ మారుతుంది. అందుకే తక్కువ వేగంలో ట్రాఫిక్‌లోనూ, ఎక్కువ వేగంలో హైవే మీదా లాగుతుంది. పెద్ద బైక్ పూర్తి శక్తిని మన రోడ్ల మీద వాడే చోటేది? దీన్ని మాత్రం చివరిదాకా వాడుకోవచ్చు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో ఈ బండ్లతోనే రేసులు పెట్టారు.

పన్నూ తక్కువే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు జీఎస్టీ 18 శాతం, ఆపైన 40.

వెనక సీటు మాత్రం ఎత్తు, ఇరుకు. రోజూ ఇంట్లోవాళ్లను ఎక్కించుకునేవాళ్లు మామూలు 150 సీసీ బండి తీసుకోండి.