చూపు లేని విద్యార్థికి నోట్స్ ఇచ్చే పద్ధతి

నల్లగొండ

బిడ్డా,

నీ హిస్టరీ క్లాసులో చూపు లేని అబ్బాయి చేరాడని, నోట్స్ ఎలా ఇవ్వాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. పాలమూరులో ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే నీకు ఈ ఆలోచన వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

ముందు ఆ అబ్బాయినే అడుగు. తెర మీదున్నది బయటికి చదివే స్క్రీన్ రీడర్లున్నాయి కదా, ఫోన్‌లో టాక్‌బ్యాక్ వాడతాడా, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ వాడతాడా, బ్రెయిల్ వచ్చా, ఆడియో ఇష్టమా? అడగకుండా మనమే నిర్ణయించుకుని చేసింది వాళ్లకు ఉపయోగపడకపోవచ్చు. రేపు కొంచెం చూపున్న పిల్లలు వస్తే జిరాక్స్‌లో పేజీని పెద్దది చేసి చేతికివ్వకు. ఫైల్‌లోనే అక్షరాలు 18 పాయింట్లకు పెంచి, వరుసల మధ్య ఎడం పెట్టి ప్రింట్ తీయి.

అసలు చిక్కంతా తెలుగు మీడియం మెటీరియల్‌తోనే. మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను అనే పాత తెలుగు ఫాంట్లలో, పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టారు. కంటికి చక్కని తెలుగే కనిపిస్తుంది కానీ లోపల ఉండేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. స్క్రీన్ రీడర్ ఆ లోపలిదాన్నే చదువుతుంది. పరీక్షించడం తేలిక. పీడీఎఫ్‌లో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయి. గజిబిజిగా వచ్చిందంటే ఆ ఫైల్ అతనికి పనికిరాదు. డీటీపీ చేసినవారి దగ్గర అసలు ఫైల్ తీసుకుని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే పద్ధతిలోకి మార్చు. ఒక్కోసారి యూనికోడ్‌లో కొట్టిన తెలుగు కూడా పీడీఎఫ్ చేశాక విరిగిపోతుంది, అందుకే వర్డ్ ఫైలో, ఈపబ్ అనే ఈ-బుక్ ఫైలో ఇవ్వడమే మేలు.

పుస్తకం తప్ప ఇంకేమీ లేకపోతే పేజీలు నీడ పడకుండా, వంకర లేకుండా స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరువు. బొమ్మలో ఉన్న తెలుగు టెక్స్ట్‌గా మారుతుంది. వచ్చింది వచ్చినట్టు మాత్రం ఇవ్వకు. ఒత్తులు తప్పుతాయి, సున్న ఇంకోటవుతుంది, సంవత్సరాలు తారుమారవుతాయి. చూపున్నవాడు తప్పును అనుమానిస్తాడు, పుస్తకం తిప్పి చూసుకుంటాడు. ఇతనికి ఆ వీలు లేదు, విన్నదే పరీక్షలో రాస్తాడు. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లల్ని ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టు. ఒకరు పుస్తకం బయటికి చదవాలి, ఇంకొకరు ఫైల్ దిద్దాలి. వాళ్లకూ పాఠం వస్తుంది.

వర్డ్‌లో శీర్షికలను ఊరికే బోల్డ్ చేసి వదిలేయకుండా హెడింగ్ స్టైల్ పెట్టు. అప్పుడు అతను నేరుగా కావాల్సిన యూనిట్‌కు వెళ్లగలడు. మ్యాప్ ఉన్నచోట 'పటం చూడండి' అని రాస్తే ఏం లాభం? కృష్ణ పడమటి నుంచి నారాయణపేట వైపుగా తెలంగాణలోకి వస్తుందనీ, జూరాల దాటాక అలంపూరు ప్రాంతంలో తుంగభద్రను కలుపుకుని శ్రీశైలం, నాగార్జునసాగర్ మీదుగా తూర్పుకు పోతుందనీ మాటల్లో రాయి. పాఠానికి అవసరమైనంతే రాయి, రంగులూ గీతలూ వర్ణించక్కర్లేదు.

కాలేజీలో ఎవరో ఒకరు కాపీరైట్ అంటారు. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం, వికలాంగులు చదువుకునే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవడానికి వీలు కల్పించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా నీ వైపే ఉంది. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో అతన్ని సభ్యుడిగా చేర్పించు, కావాల్సిన పుస్తకం అక్కడే ఉంటే నీకు స్కానింగ్ శ్రమ తప్పుతుంది.

ఇక ఆలస్యం సంగతి. మిగతావాళ్లకు నోట్స్ ఇచ్చిన రోజే అతనికీ అందాలి. పరీక్షకు వారం ముందు ఇస్తే ఆ ఫైల్ ఎంత బాగున్నా ఏం చేసుకుంటాడు? అందుకే అన్ని యూనిట్లూ ఒకేసారి మొదలుపెట్టకుండా, వచ్చే వారం చెప్పబోయే పాఠం ఈ వారం పూర్తి చెయ్యి. ఇంటర్నల్ పరీక్ష పేపర్ ఏ రూపంలో ఇస్తారో, స్క్రైబ్, అంటే అతను చెప్తే జవాబులు రాసిపెట్టే మనిషి, కావాలా వద్దా అన్నది ఇప్పుడే ఆ అబ్బాయిని వెంట తీసుకెళ్లి ప్రిన్సిపాల్‌తో మాట్లాడు.

మొదటి యూనిట్ ఫైల్ నాకూ పంపు, నా ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని విని, ఎక్కడ తడబడుతుందో చెప్తాను.

ఆశీస్సులతో,
మీ సార్